వస్తుందన్నా నమ్మని మా ఎదురింటి ఆంటీ

ఎదురింటి ఆంటీ పోయారన్న కబురు మంగళవారం పొద్దున మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పెట్టినవాడు ఇక్కడే ఆక్లండ్‌లో, మౌంట్ ఆల్బర్ట్ వైపు ఉండే కుర్రాడు. "ఆంటీ ఇగ లేరు" అని రాశాడు, అంతే. దాని కింద మొదటి జవాబు నాది. "ఎవరు చెప్పారు?" అని అడిగాను. నా తర్వాత బోటనీ డౌన్స్ నుంచి ఒకాయన "ఇంకెక్కడి నుంచైనా ఖాయమైందా?" అన్నాడు. ఇంకొకావిడ "ఒక్క చోటి నుంచి వచ్చిన మాట నమ్మొద్దు, ఆగండి" అంది.

చావు కబురు వింటే అయ్యో అనాలి గానీ ఆధారాలు అడుగుతారా అని మీకు అనిపించవచ్చు. ఆ కుర్రాడికీ అనిపించే ఉంటుంది. కానీ ఏ కబురొచ్చినా ముందు అలా అడగమని మాకు నేర్పింది ఆ పోయినావిడే. నేను కిటికీ తెర తీసి రోడ్డుకు అవతలి వైపు చూశాను. అంకుల్ సన్నటి వానలో, ఇంట్లో వేసుకునే చెప్పులతో ఇంటి ముందు నిలబడి ఉన్నారు. ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, కారు తలుపు తెరిచే ఉంది. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు గానీ ఏమీ మాట్లాడటం లేదు. ఇక నాకు ఇంకోచోట కనుక్కోవలసిన పని లేకపోయింది. గొడుగు కూడా తీసుకోకుండా రోడ్డు దాటాను.

ఆ గ్రూపు పేరు మంచు కమిటీ. ఆక్లండ్‌లో మంచు పడదు. పడని ఊళ్ళో కూర్చుని, పడే ఊళ్ళ గురించి, అక్కడ పడుతుందని చెప్పేవాళ్ళ గురించి వాదించుకోవడం మా పని. అందరం తెలుగువాళ్ళమే, ఎక్కువమంది ఐటీ ఉద్యోగులం. వారమంతా ఆఫీసులో ప్రతిదానికీ తలూపి తలూపి విసిగిపోయిన మనుషులకి, కనీసం వాతావరణం దగ్గరైనా తల అడ్డంగా ఊపే అవకాశం కావాలి. ఇక్కడ చలికాలం మొదలయ్యేది జూన్‌లో, జూన్ వచ్చిందంటే ఫోన్లు మోగుతూనే ఉండేవి. దక్షిణం నుంచి చలిగాలి బయల్దేరిందని ఒకరు, అది దారిలోనే చప్పబడిపోతుందని ఒకరు. వాతావరణం చెప్పే సర్కారు వాళ్ళు ఒక మాట, ప్రైవేటు వాళ్ళు ఒక మాట, టీవీ వాళ్ళు ఆ రెండూ కలిపి పోపు పెట్టిన మూడో మాట. వీటన్నిటి మధ్యా కూర్చుని అందరినీ ఒకే కంటితో అనుమానించే పెద్ద మనిషి మా ఆంటీ.

నాకు ఆవిడతో పరిచయం బట్టలారేసే దండెం దగ్గర మొదలైంది. మేము హాబ్సన్‌విల్‌లో ఇల్లు కొనుక్కుని కొత్తగా దిగిన రోజులవి. ఫోనులో సూర్యుడి బొమ్మ చూసి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఉతికి ఆరేశాను. రోడ్డు అవతల నుంచి ఒకావిడ నన్ను చూస్తున్నారు. పైన స్వెట్టరు, కింద చీర, కాళ్ళకి గమ్‌బూట్లు.

"ఏం బాబూ, తెలుగువాళ్ళేనా?" అన్నారు.

"అవునాంటీ. అనంతపురం."

"ఆ దుప్పట్లు ఎండకి ఆరేశావా, నమ్మకానికి ఆరేశావా?"

నాకు కాస్త కోపం వచ్చింది. మా అనంతపురం వాళ్ళకి ఒకరు వచ్చి అనుమానపడటం నేర్పాలా? మబ్బు పట్టి, ఉరిమి, మెరిసి, నాలుగు చుక్కలు రాల్చి పక్క జిల్లాకి పోయే వానల్ని చూసి పెరిగినవాణ్ణి. మాకు వాన వస్తుందంటే అనుమానం. ఎండ వస్తుందంటే మాత్రం అనుమానించే అవసరం ఎప్పుడూ రాలేదు. ఆ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ నవ్వలేదు. "అయితే నీకు సగమే వచ్చన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయారు. నేను టీ పెట్టుకునే లోపల వాన దంచింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే, ఆవిడ అప్పటికే మా దండెం దగ్గర బుట్టతో నిలబడి సగం దుప్పట్లు తీసేశారు.

ఆవిడది బందరు. అంకుల్‌తో పాటు ఈ దేశానికి చాలా ముందుగా వచ్చిన తెలుగువాళ్ళలో ఒకరు. ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూసే పని చేసి రిటైరయ్యారు. కారు దానంతటదే వెనక్కి దొర్లి గోడని గుద్దిందనీ, కొత్త కార్పెట్ మీద వైన్ దానంతటదే ఒలికిపోయిందనీ చెప్పేవాళ్ళ మాటలు ఏళ్ళ తరబడి విన్న మనిషి. అనుమానం ఆవిడకి పుట్టుకతో వచ్చిందో, జీతంతో వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. పాల సీసా మీద తారీఖు చూసేవారు, చూసి వాసన కూడా చూసేవారు. మా ఆవిడ కూర పంపితే "ఉప్పు సరిపోయిందన్నావు గానీ, రుచి చూసే అన్నావా?" అని ఫోన్ చేసి అడిగేవారు. అలా అడిగారని మా ఆవిడ ఒక వారం అలిగింది. ఆ వారం ఆంటీ మాగాయ తెచ్చి ఇచ్చి, "ఇది బాగుందని నేను చెప్పను, నువ్వే చూసుకో" అన్నారు.

జోస్యం చెప్పేవాళ్ళ విషయంలో ఆవిడది ఒకటే సూత్రం. "ఏం చెప్పాడన్నది తర్వాత చూద్దాం. తప్పితే నష్టం ఎవడిదో అది ముందు చూడు." మంచు మీద జారే ఆటలు నడిపేవాళ్ళు ఈ వారాంతం అదిరిపోయే మంచు అని ప్రకటిస్తే ఆవిడ కొట్టిపారేసేవారు. "మిరపకాయ బజ్జీల బండివాణ్ణి బజ్జీ ఎలా ఉందని అడుగుతామా?" అనేవారు. పత్రికలవాళ్ళు గడ్డకట్టించే దాడి అని పెద్దక్షరాలు వేస్తే, "మంచు ఎంత పడుతుందో రాయలేదు గానీ అక్షరాలు మాత్రం బాగా లావుగా వేశారు" అనేవారు. సర్కారు వాళ్ళు హెచ్చరిక ఇస్తే మటుకు గొణుక్కుంటూనే స్వెట్టరు ఇంకొకటి తీసేవారు.

ఆవిడకి గ్రూపులో సరైన ప్రత్యర్థి ఆ మౌంట్ ఆల్బర్ట్ కుర్రాడు. కరీంనగర్ వైపు నుంచి చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగం దొరికి ఇక్కడే సెటిల్ అయ్యాడు. ముగ్గురు స్నేహితులతో ఒక ఫ్లాట్‌లో ఉంటాడు. వాడి ఇష్టమంతా కంప్యూటర్ మోడళ్ళు గీసే రంగు రంగుల మ్యాపుల మీద. వాడికి యూరప్ మోడల్ అంటే భక్తి, అమెరికా మోడల్ అంటే చిన్నచూపు. ఒకసారి ఆంటీ ఇంట్లో టీ తాగుతుండగా ఇద్దరికీ వాదన పడింది.

"ఆంటీ, ఇగో చూడు. గింత గులాబీ రంగు నేనెప్పుడు చూడలే. శనివారం కొండలకాడ డెజర్ట్ రోడ్ మంచుకు బందైతది, పక్కా."

"ఆ గులాబీ రంగు ఎవరేశారు నాన్నా?"

"కంప్యూటర్ ఏసింది. ఊకెనే ఏస్తదా, లెక్క కట్టి ఏస్తది."

"మా దగ్గరికొచ్చే క్లెయిములన్నీ లెక్క కట్టి వేసినవే."

"గట్లంటె ఇగ దేన్ని నమ్మాలె ఆంటీ?"

"నమ్మమని నేనెప్పుడన్నాను? పకోడీ తిను, చల్లారిపోతోంది."

ఆ శనివారం రోడ్డు మూసేశారు. వాడు గెలిచినట్టే. గ్రూపులో ఒక పెద్ద గులాబీ పువ్వు పెట్టాడు. దానికి ఆంటీ జవాబు, "ఒకసారి నిజం చెప్పినవాడి మీద రెండోసారి ఇంకా ఎక్కువ కన్నేసి ఉంచాలి."

ఇక ఆవిడ నంబర్ల గురించి చెప్పాలి. తుఫాను వచ్చేటప్పుడు మన కోస్తా రేవుల్లో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక, మూడో నంబరు అని ఎగరేస్తారు కదా. బందరు పిల్ల కాబట్టి ఆంటీకి అది ఒంట్లో ఉంది. ఇక్కడి సర్కారు వాళ్ళ రంగులు, గీతలు ఆవిడకి నచ్చలేదు. మంచు కమిటీకి సొంతంగా రేవు నంబర్లు పెట్టారు. ఒకటి ఎగరేస్తే చూస్తూ ఉండమని. మూడంటే కారు చక్రాలకి కట్టే గొలుసులు వెంట పెట్టుకుని బయల్దేరమని. పదంటే ఇంట్లో పడి ఉండమని. ఆఖరికి మా పిల్లలు కూడా, ఇంగ్లీషు తప్ప నోటికి ఇంకోటి రాని పిల్లలు, పొద్దున లేచి "ఆంటీ ఏ నంబర్ పెట్టారు?" అని అడిగేవారు. న్యూజిలాండ్ కొండల మీద మంచుకి బందరు రేవు హెచ్చరికలు పెట్టుకున్న మనుషులు భూమ్మీద మేము తప్ప ఇంకెవరూ ఉండరని నా నమ్మకం.

ఒక చలికాలం అందరం రువాపేహు కొండ వైపు వెళ్ళాం. ఆ వారం చిత్రంగా జోస్యాలన్నీ కలిశాయి. సర్కారు, ప్రైవేటు, యూరప్, అమెరికా, అందరూ మంచే మంచు అన్నారు. అది చూసి ఆంటీకి అనుమానం ఇంకా పెరిగింది. "సాక్షులందరూ ఒకే మాట చెప్తే ముందే కూడబలుక్కున్నారని అర్థం" అని రెండో నంబరు దగ్గరే ఆగిపోయారు. అయినా మేము గొలుసులు అద్దెకి తెచ్చుకుని, పిల్లలకి కొత్త గ్లోవ్స్ కొని బయల్దేరాం. ఆవిడ కూడా ఒక పెద్ద గిన్నెడు పులిహోర చేసుకుని కారెక్కారు. "మంచు ఉన్నా లేకపోయినా పులిహోర ఉంటుంది" అన్నారు.

కొండ కిందికి చేరేసరికి వాన. మంచు కాదు, మామూలు ఆక్లండ్ వానే, కాస్త ఎక్కువ చల్లగా. పైన చలి సరిపోలేదట. మా కుర్రాడు కారులోంచి దిగకుండా ఫోనులో మ్యాపు పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నాడు. పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. రోడ్డు పక్కన పొదల కింద వారం కిందట పడి మిగిలిన మంచు, మట్టి కొట్టుకుపోయి, చాపంత ఉంది. పిల్లలు దాని మీదే పడ్డారు. ఆంటీ కూడా వంగి వేలితో గీకి చూశారు. "ఫ్రీజర్ గీకితే వచ్చేదేగా ఇది" అన్నారు. తర్వాత ఎవరూ చూడటం లేదనుకుని ఇంకాస్త తీసి నోట్లో వేసుకున్నారు. నేను చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు టురాంగి అనే ఊరి దగ్గర ఆగి, కార్లలోనే కూర్చుని పులిహోర తిన్నాం. అద్దాలన్నీ ఆవిరి పట్టాయి. అక్కడ నేను ఆవిడని అడిగాను. ఎవరినీ నమ్మనప్పుడు రోజూ ఇన్ని జోస్యాలు చదవడం దేనికి, హాయిగా మానెయ్యొచ్చు కదా అని.

"మా నాన్న మానేశాడు" అన్నారు ఆవిడ.

ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్నకి బందరులో కిరాణా కొట్టు ఉండేది. రేడియోలో తుఫాను హెచ్చరిక చెప్పినప్పుడల్లా బస్తాలన్నీ అటక మీదికి ఎక్కించేవాడట. ఎక్కించడం, తుఫాను ఒంగోలు వైపో ఒరిస్సా వైపో పోవడం, మళ్ళీ దింపుకోవడం. వీధిలో వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ఆయనకి విసుగొచ్చింది. ఆ తర్వాతి హెచ్చరికకి రేడియో కట్టేసి పడుకున్నాడు.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత మేము అద్దె కొంపల్లో పెరిగాం" అన్నారు ఆంటీ. పులిహోరలో మిరపకాయ తీసి పక్కన పెట్టి అన్నారు. "నమ్మకపోవడం వేరు బాబూ, లెక్క చెయ్యకపోవడం వేరు. నేను ఎవడినీ నమ్మను. కానీ బట్టలు మాత్రం లోపల పెడతాను."

ఆ రోజు నుంచి ఆవిడ అనుమానం నాకు వేరేగా కనబడింది. మనుషుల్ని తక్కువ చెయ్యడానికి అనుమానించేవాళ్ళని చాలామందిని చూశాను, నేనూ అందులో ఒకణ్ణే. ఆవిడ మాత్రం మనకేమైనా అవుతుందేమోనని అనుమానించేవారు. ఎవరైనా కారేసుకుని కొండ వైపు వెళ్తే, వాళ్ళు ఇల్లు చేరామని చెప్పేదాకా ఆవిడ ఫోను పట్టుకునే కూర్చునేవారు.

కిందటి వేసవి చివర, అంటే ఇక్కడ ఫిబ్రవరిలో, ఆవిడకి జబ్బు బయటపడింది. ఇక ఇదివరకటిలా వైద్యం చేసి లాభం లేదన్నారట. వచ్చే వేసవి వరకూ ఇబ్బంది ఉండదు అని డాక్టరు ధైర్యం చెప్పాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం నేను చూడటానికి వెళ్తే, ఆవిడ సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, పెద్దగా ఏమీ కానట్టే చెప్పారు.

"డాక్టరు చాలా మంచివాడు. అదే నా అనుమానం. మంచివాళ్ళు ఎప్పుడూ కాస్త ఎక్కువే చెప్తారు."

అన్న మాట ప్రకారం బట్టలు లోపల పెట్టడం మొదలుపెట్టారు. అంకుల్‌కి వాషింగ్ మెషీన్ వాడటం నేర్పారు. చారు పెట్టడం నేర్పబోయి, ఆయన చింతపండు పిసికే తీరు చూసి మానుకున్నారు. చీరలు మా ఆవిడకి చూపించి ఏది ఎవరికో చెప్పారు. ఇవన్నీ చేశారు గానీ, ఒక్కటి చెయ్యలేదు. కూతురికి తన అనుమానం చెప్పలేదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. దేశం దక్షిణ కొసన డునీడిన్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తూ ఒక్కర్తే ఉంటుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. డాక్టరు చెప్పింది ఆ అమ్మాయి నమ్మింది. సెప్టెంబర్‌లో ఎక్కువ సెలవు పెట్టుకుని వచ్చి, వేసవి అయ్యేదాకా అమ్మ దగ్గరే ఉండాలని ఏర్పాటు చేసుకుంది. ఈలోపల వీలున్నప్పుడల్లా వారాంతాలకి వచ్చి వెళ్ళేది. జులైలో ఆంటీ బాగా చిక్కిపోయినప్పుడు నేను ఉండబట్టలేక అన్నాను.

"పాపకు చెప్పల్ల కదా ఆంటీ. ఇప్పుడే రమ్మనండి. సెప్టెంబర్ దాకా ఎందుకు?"

"దాని నమ్మకం దాన్ని ఉండనీ అబ్బాయ్. ఇంట్లో ఒకరి అనుమానం చాలు."

"మీకు తెలుస్తానే ఉంది కదా!"

"నాకేం తెలుసు? నేనూ జోస్యం చెప్పేదాన్నేగా. నాదీ తప్పొచ్చు" అన్నారు. ఆవిడ నన్ను చూడకుండా కిటికీలోంచి చూస్తూ అన్నారు ఆ మాట. జీవితంలో మొదటిసారి ఆవిడ తన అనుమానం తప్పు కావాలని కోరుకుంటున్నారని నాకు అర్థమైంది. అయినా కోపం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ప్రపంచంలో అందరికీ హెచ్చరికలు ఎగరేసిన మనిషి, సొంత బిడ్డకి ఒకటో నంబరైనా ఎగరెయ్యలేదు.

ఆఖరి ఆదివారం ఆవిడ ఆస్పత్రి మంచం మీద నుంచే గ్రూపులో ఉన్నారు. దక్షిణ దీవిని చలిగాలి తాకబోతోందని, వారం చివర్లో డునీడిన్‌లో సముద్రం ఒడ్డు దాకా మంచు పడవచ్చని వార్త. సర్కారు వాళ్ళు గురువారం పొద్దున్నే మొదలవుతుందన్నారు. ప్రైవేటు వాళ్ళు శుక్రవారం సాయంత్రం, అది కూడా అంతంతమాత్రమే అన్నారు. మా కుర్రాడి మ్యాపు ప్రైవేటు వాళ్ళ వైపే ఉంది. గ్రూపంతా రెండు పార్టీలైపోయి కొట్టుకుంటుంటే, చివర్లో ఆంటీ ఒక మాట పెట్టారు. "వస్తుందంటే నమ్మను. రాదంటే అసలు నమ్మను." మంగళవారం పొద్దున్నే ఆవిడ పోయారు. కూతురు దగ్గర లేదు, సెప్టెంబర్ ఇంకా రాలేదు.

అంత్యక్రియలు శుక్రవారం పెట్టుకున్నారు. అది దాటితే దహనవాటికలో మళ్ళీ వచ్చే వారమే చోటు దొరుకుతుందన్నారు, అన్నాళ్ళు తను ఆగలేనని అంకుల్ అన్నారు. మంగళవారం మధ్యాహ్నమే ఆయన కూతురిని మంచు కమిటీలో చేర్చారు. ఆ అమ్మాయి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసింది. గురువారం మధ్యాహ్నం నేరుగా ఆక్లండ్ వచ్చే విమానంలో తనకి సీటు ఉంది. బుధవారం అన్నీ నిండిపోయాయి. బుధవారమే రావాలంటే తెల్లవారగానే బయల్దేరి క్రైస్ట్‌చర్చ్ దాకా ఒంటరిగా డ్రైవ్ చేసుకుని వెళ్ళి, అక్కడ విమానం ఎక్కాలి. "మీరందరూ అమ్మతో వెదర్ మాట్లాడతారు కదా. గురువారం ఓకేనా? నేను ఆల్రెడీ ఒకసారి లేట్ అయ్యాను" అని రాసింది.

ఏ చిన్న మబ్బు కనబడ్డా ముప్పై మెసేజీలు పెట్టే గ్రూపు అది. ఇప్పుడు మాత్రం ఒకరు టైప్ చేస్తున్నట్టు కనబడింది, ఆగిపోయింది. ఇంకొకరు మొదలుపెట్టారు, ఆపేశారు. నేనూ రాసి చెరిపేశాను. గురువారం పర్లేదంటే, మంచు పడి విమానం ఆగిపోతే, ఆ పిల్ల తల్లిని ఇక చూడలేకపోతుంది. బుధవారం రమ్మంటే, నిద్రలేక ఏడ్చి ఏడ్చి ఉన్న పిల్లని అంత దూరం ఒంటరిగా రోడ్డు మీదికి తోసినవాళ్ళమవుతాం. ఇన్నేళ్ళూ మా జోస్యాలు తప్పితే ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టే అంత గట్టిగా చెప్పగలిగామని అప్పుడు తెలిసింది. మా ధైర్యమంతా అంతే.

కుర్రాడికి ఫోన్ చేశాను. "ఏమంటావు తమ్ముడూ, నీ మ్యాపు ఏమంటాంది?"

"గురువారం సాఫ్ ఉంది అన్నా. మంచు రాదు. నూటికి తొంభై రాదు."

"అట్లయితే అదే చెప్పు."

"ఎట్ల చెప్పాలె అన్నా? నాది తప్పైతే నాకేం పోతది, ఇంకో మ్యాప్ తీస్త. పోయేది అక్కకు కద" అన్నాడు. ఫోన్ పెట్టేసి గ్రూపులో రాశాడు. "అక్కా, నా మ్యాప్ గురువారం మంచిగనే ఉన్నదంటున్నది. నువ్వు దాన్ని నమ్మకు. రేపే రా. పొద్దున రోడ్డు మీద ఏం లేదు, అది అన్ని చోట్ల చూసిన. ప్రతి ఊర్ల ఆగు, ఆగి చాయ్ తాగు, మాకు మెసేజ్ పెట్టు." దాని కింద ఒకరి తర్వాత ఒకరు అందరూ "రేపే రా అమ్మా" అని పెట్టారు. మంచు కమిటీ పుట్టిన తర్వాత అందరం ఒకే మాట మీద నిలబడింది అదొక్కసారే. ఆంటీ ఉంటే మమ్మల్ని తప్పకుండా అనుమానించేవారు.

బుధవారం ఎవరి ఆఫీసు పనీ సాగలేదు. దారిలో మొదట ఆగిన ఊరు ఓమరూ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాతి ఊరు టిమారూ నుంచి మాత్రం ఎంతకీ రాలేదు. రోడ్డు మీద పొగమంచు ఏమైనా ఉందేమోనని ఒకరు కెమెరాలు వెతకడం మొదలుపెట్టారు. చివరికి వచ్చింది, వెంట ఒక టీ కప్పు బొమ్మతో. సాయంత్రం కుర్రాడే విమానాశ్రయానికి వెళ్ళి ఆ అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చాడు.

గురువారం తెల్లారింది. డునీడిన్‌లో ఆకాశం కడిగినట్టుంది. మధ్యాహ్నం విమానం వేళకి లేచింది, వేళకి దిగింది. మంచు తర్వాత వచ్చింది, కొండల మీద కాసింత చల్లి పోయిందట. సర్కారు వాళ్ళు తప్పారు, మా కుర్రాడి మ్యాపే నెగ్గింది. ఈసారి వాడు గులాబీ పువ్వు పెట్టలేదు.

ఆ పొద్దునే ఆంటీని ఇంటికి తెచ్చారు. ఇక్కడ అలా ఒక రోజు ఇంట్లో ఉంచుకోనిస్తారు. ముందు గదిలో పడుకోబెట్టారు. గది చల్లగా ఉండాలన్నారని, వెచ్చబరిచే హీట్ పంప్ కట్టేసి, కిటికీలు తెరిచి పెట్టాం. అందరం జాకెట్లు వేసుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాం. మధ్యాహ్నం దాటేదాకా కుర్రాడు గుమ్మం దగ్గరే ఉండిపోయాడు. విమానం సంగతి అప్పుడే తన ఫోనులో చూశాడు. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి తల దించుకుని అన్నాడు.

"సారీ అక్కా. విమానం టైముకే వచ్చింది. ఊకెనే నిన్ను గంత దూరం డ్రైవ్ చేపిచ్చిన."

"సారీ ఎందుకు?" అంది ఆ అమ్మాయి. తెలుగు మాట కోసం వెతుక్కుంది. "ఈ రోజు... ఈ రోజు మొత్తం నాకు ఇచ్చావు కదా."

వాడు బయటికి వెళ్ళిపోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను కూడా ఏడ్చాను, దాచుకోలేదు.

మా ఆవిడా ఆ అమ్మాయీ కలిసి ఆంటీకి చీర కట్టారు. ఆవపిండి రంగు అంచున్న ఆకుపచ్చ చీర. ఆ తర్వాత జుట్టు దువ్వడం తను ఒక్కర్తే చేస్తానని కూతురు అడిగింది. మేమందరం గుమ్మం దాకా వెనక్కి జరిగాం. ఆ అమ్మాయి తల దగ్గర కూర్చుని దువ్వెన తీసుకుంది. అమ్మ మీద చెయ్యి వెయ్యబోయి ఆగింది. దువ్వెన ఒళ్ళో పెట్టుకుని, రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుంది, నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంది. వేడెక్కాయో లేదో తన చెంపకి ఆనించి చూసుకుంది. చాలలేదేమో, మళ్ళీ రుద్దుకుంది, మళ్ళీ చూసుకుంది. అప్పుడు వేసింది అమ్మ నుదుటి మీద చెయ్యి.